కాంటాలో కొసరు

నమోదు 61. సోమవారం.

పోయిన నెలతో గాలి కూడా అంగడి చట్రం మీదికి వచ్చేసింది. మొదట బియ్యం, తర్వాత సబ్బులు, మందులు, నీళ్లు, ఇప్పుడు గాలి. గని కమిటీ నన్ను మెచ్చుకుంది. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో రాసిపెట్టమని కూడా అంది, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం. మెచ్చుకోలు చెవికి ఎక్కలేదు గానీ ఈ రాత పని మాత్రం నాకు నచ్చింది. రాస్తున్నప్పుడే కదా అనుమానాలు బయటపడేది.

పొద్దున ఇంటి గాలి వడపోత గుడ్డలు ఉతికాను. ఇక్కడ బొగ్గు తవ్వడం మా అమ్మ పుట్టకముందే ఆగిపోయింది. అయినా గుడ్డ పిండితే నల్లనీళ్లే. పైన ఎండకు నేల మీద బతకలేక జనం ఈ గనిలోకి దిగినప్పుడు, బొగ్గు మోసిన బెల్టునే సరుకుల బెల్టుగా మార్చుకున్నారు. ఇంట్లో గోడమీది తెర మీద కావలసింది అడిగితే అంగడిలో తూచి, బెల్టు మీద గల్లీకి పంపుతారు. గ్యాలరీలను మావాళ్లు గల్లీలంటారు. ఒకదాని వెనక ఒకటిగా ఏడు, ఎనిమిదోది ఇంకా తవ్వుతున్నారు. నేనుండేది మూడో గల్లీలో.

నేను రాకముందు ఒక్కో సరుకుకు ఒక్కో ప్రోగ్రాం ఉండేది. బియ్యం లెక్క మారిస్తే మందుల లెక్క తప్పేది. ఏ వస్తువైనా జరిగేవి మూడే పనులని నాకు తోచింది. ఎవరో అడుగుతారు, ఎవరో తూస్తారు, ఎవరో పంపుతారు. అందుకని ఆ మూడింటినీ మూడు ముక్కలుగా ఒకేసారి గట్టిగా రాసి, ఏ సరుకు వచ్చినా వాటినే వాడుకునేలా చేశాను. ఆ మొత్తాన్నే చట్రం అంటున్నాను. తూచే ముక్కకు 'కాంటా' అని పేరు పెట్టాను. ఇది తెలివో, చేసిన పని మళ్లీ చేయలేని బద్ధకమో నాకు ఇప్పటికీ తెలియదు.

కాంటాలో కొసరు ఎందుకుందో కూడా రాయాలి. అంగడి చూసుకునే సారక్క దాని గురించి నాతో ఒక పూటంతా వాదించింది.

"కొసరు లేకుంట తూసుడేందమ్మా? అదేం తూకం?"

"అది ఆచారం సారక్కా. ఆచారాల్ని కాంటా బయట పెడదాం. కావాలంటే తగిలించుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు."

"బయట పెడ్తె రేపు ఎవడో ఒకడు తీసేస్తడు. లోపటనే పెట్టు. తూకమైనంక ఇంకో పిడికెడు పడకపోతె మనిషి గిన్నె పట్టుకొని ఆడనే నిలబడ్తడు. కదలడు. నువ్వు కదులుతవా చెప్పు?"

నేను కదలను. అది నిజం. ఎండ, వాన, ఆకాశం అన్నీ పోయిన చోట అడిగినదానికంటే పిడికెడు ఎక్కువ అందడం ఒక్కటే మిగిలింది. లోపలే పెట్టాను.

నమోదు 62. బుధవారం.

ఏడో గల్లీ నుంచి దీపం నూనె మీద ఫిర్యాదులు వస్తున్నాయి. నూనె మంచిది కాదట, దేవుడి ముందు దీపం నిలవడం లేదట. ఫిర్యాదు వస్తే పాత ప్యాకెట్టుకు బదులు కొత్తది పంపాలని చట్రంలో ఉంది. పంపింది. మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి. మళ్లీ పంపింది.

సారక్క అంగడిలో నన్ను చూడగానే అందుకుంది.

"ఈ ఏడో గల్లోళ్లకు ఏం మాయరోగమొచ్చిందే! అదే డబ్బా నూనె ఊరంత కాలుస్తలేరా? మీ వదినె గూడ రాసింది సూడు, నూనెల నీళ్లు కలిసినయట. నేను కలిపిన్నా?"

భూదేవి వదిన మా పెద్దన్న భార్య. అన్న పోయాక కూడా ఏడో గల్లీలోనే ఉంటూ బట్టలు కుడుతోంది. సాయంత్రం ఎలాగూ వెళ్లేదాన్ని, ఆ వంకతో ముందే వెళ్లాను.

"వచ్చినవా ఆడబిడ్డా? నూనె కొట్లాటకు వచ్చినవా, చాయ తాగనీకి వచ్చినవా?"

"రెండిటికీ."

"చాయ ముందు. కొట్లాటకు బలం గావాలె గదా."

పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నె పెట్టింది. చక్కెర డబ్బా చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాయి. భుజం తట్టాను.

"గింతే, ఈ మధ్యల. సూదిల దారం ఎక్కిచ్చేలోపట కన్ను పడిపోతది. ముసల్దాన్నయిన."

"నాకంటే ఐదేళ్లేగా పెద్ద?"

"అయితె నువ్వు గూడ తయారుగ ఉండు."

పక్కింటి ఎల్లవ్వకు గంజి తాగించడం కూడా వదిన పనే. ఆ ముసలావిడ మంచం మీదే ఉంటుంది. నేను ఉన్నంతసేపూ నిద్రపోతూనే ఉంది. గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఈ వేళప్పుడు మా గల్లీలో పిల్లల గోలకు చెవులు పగులుతాయి. ఇక్కడ పిల్లలు గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు.

వదిన దేవుడి ముందు దీపం వెలిగించి చూపించింది. మంట నువ్వుగింజంత ఉంది. నూనె వాసన చూశాను, బాగానే ఉంది. ఒక ప్యాకెట్టు వెంట తెచ్చుకున్నాను. మా ఇంట్లో అదే నూనె పోసి, అలాంటి వత్తే వేసి వెలిగించాను. మంట నిటారుగా లేచింది.

నమోదు 63. గురువారం.

తప్పు నూనెది కాదు. గాలిది.

పైనున్న పెద్ద ఫ్యాన్లు గాలిని ఒకే దారిలో లోపలికి తోస్తాయి. అది ఒకటో గల్లీ దాటి రెండుకి, అలా ఏడు దాకా పోతుంది. ప్రతి గల్లీకి ఒక గాలి తలుపు. ఇంతమందిమి ఉన్నాం, ఇంత గాలి కావాలి అని గల్లీ అడుగుతుంది. కాంటా తూస్తుంది, తలుపు అంతవరకూ తెరుచుకుంటుంది. గాలిని చట్రం మీదికి తెచ్చేటప్పుడు నేనూ నా కింద పనిచేసే రవళీ బియ్యం కాంటానే యథాతథంగా వాడాం. అందుకే కదా దాన్ని అలా రాసింది. కాంటా దాని అలవాటు ప్రకారం ఒకటో గల్లీకి అడిగినంతా ఇచ్చి కొంచెం కొసరు వేసింది. రెండో గల్లీకీ వేసింది. ఆరు గల్లీలకూ వేసింది. ఏడోది చివరిది కాబట్టి దానికి తూకం లేదు, మిగిలిందంతా దానిదే. మిగిలింది దాదాపు ఏమీ లేదు.

బియ్యమైతే అయిపోయినట్టు కనబడుతుంది. గోనె అడుగు కనబడుతుంది. గాలికి అడుగు ఎక్కడుంది? ఏడో గల్లీ తెరల మీద 'అందింది' అనే ఉంది. పంపగానే అందినట్టు రాసుకోవడం కూడా బియ్యం నుంచి వచ్చిన అలవాటే.

రవళికి చూపించాను. నా దగ్గర పని నేర్చుకుంది, ఇప్పుడు నాకంటే వేగంగా చేస్తుంది. నూనె ఫిర్యాదుల జాబితా తెరిచింది.

"మేడం, అంటే వాళ్లు నూనె అడిగినప్పుడల్లా..."

"అవును. మనం నూనె పంపాం."

నమోదు 64. శుక్రవారం.

గాలికి వేరే కాంటా రాశాను, కొసరు లేకుండా. అది పెట్టబోయే ముందు ఫ్యాన్ల మొత్తం లెక్క చూసి ఆగిపోయాను. ఫ్యాన్ల రెక్కలు అరిగిపోయాయి. కొసరు తీసేసినా ఏడు గల్లీలకూ పూర్తిగా సరిపడే గాలి ఈ గనిలో లేదు. లోటు ముందునుంచీ ఉంది. కొసరు చేసిందల్లా దాన్నంతా తోసుకుంటూ పోయి ఒక్కచోట పెట్టడం.

అందుకని లోటును ఏడు గల్లీలకూ సమంగా పంచేలా రాశాను. అందరికీ కావలసినదానికంటే కొంచెం తక్కువ.

మధ్యాహ్నానికి ఏడో గల్లీకి వెళ్లాను. వదిన మిషన్ చప్పుడు దూరం నుంచే వినబడింది. దీపం పూర్తిగా కాదు గానీ లేచింది.

"ఏం జేసినవే? ఇయ్యాల తల తేలికైంది. ఎల్లవ్వ లేచి నన్ను తిట్టింది గూడ, గంజిల ఉప్పు లేదని."

మీ దాకా వచ్చేసరికి గాలి తగ్గుతోంది వదినా, సరిచేశాను అని చెప్పాను. అంతకంటే వివరంగా చెప్పాలనిపించలేదు. చెప్పి ఉండాల్సిందేమో.

ఇంటికి వచ్చేసరికి నాకు తలనొప్పి. మా గల్లీలో అందరికీ తలనొప్పే.

నమోదు 65. సోమవారం.

కమిటీ పిలిచింది. అధ్యక్షుడు ఓదెలు గారు, సారక్క, మిగిలిన సభ్యులు, నేను, రవళి. అందరూ కణతలు నొక్కుకుంటూ కూర్చున్నారు. నేను మొత్తం చెప్పాను. ఫ్యాన్లు, లోటు, కొసరు, ఏడో గల్లీ. ఓదెలు గారు ఓపిగ్గా విన్నారు. ఆయన కోపిష్టి కాదు, అదే కష్టం.

"రెక్కలు ఎప్పుడొస్తయి?"

"వానలు పడ్డాక, పైన బండ్లు తిరిగితే," అంది రవళి.

"అప్పటిదాక ఆరు గల్లీలు తలకాయలు పట్టుకొని కూసోవాల్నా? కరెంటు దీపాల కింద పైరు జూసేటోళ్లకు కండ్లు తిరుగుతున్నయి. రేపు పంట పోతె ఏడో గల్లోళ్లు గూడ తినరు గదమ్మా."

"ఏడో గల్లీలో మనుషులు నిద్రలోంచి లేవడం లేదు సార్."

"నేను ఎవర్నీ సంపుమంటలేను. మొన్నటిదాక ఎట్లున్నదో గట్లనే ఉంచుమంటున్న."

"కనీసం ఆ గల్లీ ఖాళీ చేయించి తలా ఇంటికి కొందర్ని..."

"ఎవలింట్ల జాగున్నది? ఉన్నా గాలి పెరుగుతదా?"

పెరగదు. సారక్క నావైపు చూడకుండా, "కొసరు పెట్టుమన్నది నేనే. గాలికి పెట్టుమన్ననా?" అని గొణిగింది.

పాత లెక్కే కావాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ఎత్తారు. పాత కాంటా తిరిగి పెట్టమన్నారు. నేను పెట్టనన్నాను. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను, అందుకు సిద్ధపడి కూడా వచ్చాను. గొడవేమీ కాలేదు. ఓదెలు గారు రవళివైపు తిరిగి, "నువ్వు జేస్తవా బిడ్డా?" అన్నారు.

రవళి నన్ను చూసింది. తర్వాత తన తెర పలకను ఒళ్లోకి లాక్కుంది. ఒక కాంటా తీసి ఇంకో కాంటా తగిలించడానికి ఒక్క వాక్యం మారిస్తే చాలు. అంత తేలిగ్గా ఉండేలా ఏడాదిపాటు కష్టపడి రాసింది నేనే. ఆమె వేళ్లు ఆడి ఆగేసరికి ఓదెలు గారు ఇంకా మంచినీళ్లు కూడా తాగడం పూర్తి చేయలేదు.

బయటికి వచ్చాక రవళి అంది, "నేను చెయ్యకుంటె ఇంకొకలు చేస్తరు మేడం. మీరే గదా నేర్పిన్రు, ఎవరైనా మార్చుకునేటట్టు ఉండాలని."

అవును. నేనే నేర్పాను.

నమోదు 66. బుధవారం.

ఎల్లవ్వ పోయింది. నిద్రలోనే. కారణం వయసు అని డాక్టరు రాశాడు, అది అబద్ధం కూడా కాదు.

వదినను మా ఇంటికి వచ్చేయమన్నాను. నా మంచం ఇస్తానన్నాను, నేలమీద పడుకుంటానన్నాను, చివరికి అరిచాను కూడా.

"నన్నొక్కదాన్నే తీస్కపోతవా? మరి ఎదురింటి పోరగాండ్లు? మూలింటి ముసలాయన? అందరూ నీ మంచం మీద పడ్తరా?" అంది. అని నవ్వబోయింది. ఊపిరి అందక సగంలో ఆపేసింది.

చనిపోయిన మనిషి గాలి కోటా ఏడో గల్లీ లెక్కలోంచి తగ్గింది. అది కూడా చట్రం తనంతట తానే చేసుకుంది.

నమోదు 67. గురువారం.

నాకు కాంటా మీద అధికారం తీసేశారు. ఇళ్ల తెరల మీద ఇంకా ఉంది. అంగడి ముందుభాగం, జనానికి కనబడే ప్రశ్నలూ గుర్తులూ అన్నీ నావే. ఒక ప్రశ్న పెట్టడానికి కమిటీ అనుమతి అక్కర్లేదు. ఏ ఇల్లయినా తన వంతు తగ్గించి అడిగితే కాంటా కాదనదు.

ప్రతి తెర మీదా ఇలా పెట్టాను: "మీ గాలిలో కొసరు కావాలా, వద్దా? మీరు వదిలింది మీ తర్వాతి గల్లీకి పోతుంది."

కింద రెండు గుర్తులు, కావాలి, వద్దు. ఏడో గల్లీ పేరు రాస్తే కమిటీ అదే పూట తీయించేది. అందుకే అన్ని తెరలకూ ఒకే ప్రశ్న, ఒకే వాక్యం. 'తర్వాతి గల్లీ' అంటే ఎవరి తెర మీద వాళ్లకు అర్థమవుతుంది. ఒకసారి రాసి అంతటా వాడుకోవడం నాకు చేతనైన పని.

తెరను నమ్ముకోకుండా ఇల్లిల్లూ తిరిగాను. కొసరు వద్దనడం మావాళ్లకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వద్దంటే ఇచ్చేవాడి చేతిని నెట్టేసినట్టు.

మా పక్కింటాయన తలుపు సగమే తీశాడు. "నాకు ఆయాసం అమ్మా. నేను వద్దంటే నా ఆయాసం వద్దంటదా?"

రెండిళ్ల అవతల ఒకావిడ, "ముందు ఓదెలు సారు ఇంట్ల అడుగు. ఆయన నొక్కితె నేను రెండు చేతులతోటి నొక్కుత," అంది.

ఇంకొకావిడ నా ఎదురుగానే వద్దు నొక్కి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

సారక్క అంగడి మెట్లమీద కూర్చుని ఉంది. నన్ను చూసి తనే చెప్పింది.

"నొక్కిన. మా కోడలు మళ్ల తీసేసింది. నెల తప్పింది దానికి. ఏమంట చెప్పు?"

పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక ఇద్దరం లేచి ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

నమోదు 68. ఆదివారం.

లెక్క వచ్చింది. ఒకటో గల్లీలో వద్దు అన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండో, మూడో గల్లీలూ అంతే. నాలుగులో కొంచెం నయం. లోపలికి పోయేకొద్దీ కాస్త పెరుగుతూ వచ్చింది. అందరూ కలిసి వదిలింది ఏడో గల్లీలో ఒక మంటను నువ్వుగింజ నుంచి శనగగింజ చేస్తుందేమో.

చివరి వరుస దగ్గర నా లెక్క తప్పనుకున్నాను. మళ్లీ తీశాను. మూడోసారి కూడా తీశాను. ఏడో గల్లీలో ప్రతి ఇల్లూ వద్దు అనే నొక్కింది. ఒక్క ఇల్లు మిగలలేదు. గాలిలో కొసరు ఎన్నడూ అందనివాళ్లు, లేని కొసరును వద్దన్నారు.

వదిన దగ్గరికి వెళ్లాను. మిషన్ మీద తల ఆనించి ఉంది. లేపడానికి చాలాసేపు పట్టింది. నీళ్లు తాగించి, మెల్లగా అడిగాను.

"వదినా, తెర మీద ఆ ప్రశ్నకు వద్దు అని ఎందుకు నొక్కారు?"

"తప్పయిందా?"

"తప్పు కాదు. ఎందుకని అడుగుతున్నా."

"నేనే గల్లంత తిరిగి చెప్పిన అందరికీ. నడువనీకి పానం లేదు, గోడలు పట్టుకొని తిరిగిన." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఆ గోడవతల తవ్వుతున్నరు గద, ఎనిమిదో గల్లీ. చప్పుడు ఇనబడ్తది. మన తర్వాత గల్లీకి పోతదని నువ్వే రాసినవాయె. ఎవలో దిగిండ్రనుకున్నం. మాకే గిట్లున్నదంటె, మా తర్వాతోళ్లకు ఇంకెట్లున్నదో అనిపిచ్చింది."

ఆ గోడ అవతల రాయి తొలిచే యంత్రం తప్ప ఎవరూ లేరు.

వదిన కళ్లు మళ్లీ మూతపడుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని ఆపుకుంది.

"అందిందా ఆళ్లకు?"

"అందింది వదినా," అన్నాను. "వాళ్ల దీపాలు బాగా వెలుగుతున్నాయట."